శుద్ధుడైనా అనర్హుడేనా?

నేరం చేసిన మనిషి అందుకు తగిన శిక్షను అనుభవించి, ఆ తరువాత ఏళ్లకు ఏళ్లు గడిచిపోయినప్పటికీ, పదిమంది కష్టార్జితాన్ని కాపాడే పదవికి అతడు పనికిరాడని సమాజం శాసించవచ్చునా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలూ, బౌద్ధ వినయమూ, క్రైస్తవ మతశాసనమూ తమ తమ పరిభాషల్లో ఎదుర్కొన్నాయి. శిక్షకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. శిక్ష ముగిశాక మిగిలే అనర్హతకు కూడా ముగింపు ఉండాలా, ఉంటే దానిని నిర్ణయించే అధికారం ఎవరిది అన్న దగ్గరే ఆలోచనాపరులు చీలిపోతారు. అనర్హతను శిక్షకు కొనసాగింపుగా చూస్తే అది ఒకే నేరానికి రెండోసారి వేసిన దండన అవుతుంది. కేవలం ముందుజాగ్రత్తగా చూస్తే, ఆ జాగ్రత్త ఇప్పటి మనిషిని చూసి తీసుకున్నదా, ఎప్పటిదో ఒక నమోదును చూసి తీసుకున్నదా అని అడగవలసి వస్తుంది.

ఈ ప్రశ్నను ఊహాత్మకమైన ఉదాహరణతో కాక, ఒక మనిషి బతుకులో నిజంగా పడిన ముడిగా పరిశీలించడానికి న్యూయార్క్ ఓడరేవుకు చెందిన డి వో అనే కార్మిక సంఘ నాయకుడి వ్యాజ్యం అనువుగా ఉంటుంది. 1920లో అతడు పెద్ద మొత్తపు దొంగతనానికి ప్రయత్నించానని న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. న్యాయస్థానం శిక్షను అమలుచేయకుండా నిలిపివేసింది. 36 ఏళ్ల తరువాత, 1956లో, అతడు అంతర్జాతీయ రేవు కార్మికుల సంఘానికి చెందిన 1346వ స్థానిక శాఖకు కార్యదర్శిగానూ కోశాధికారిగానూ ఉన్న సమయంలో, స్టేటెన్ ఐలండ్ ప్రాంతపు ప్రభుత్వ ప్రాసిక్యూటర్ బ్రెయిస్టెడ్ ఆ పాత నేరాన్ని ఎత్తిచూపి, డి వో పదవిలో ఉండగా శాఖ తరఫున సభ్యత్వ చందాలు వసూలు చేసేవారి మీద కేసు పెడతానని హెచ్చరించాడు. చందా లేనిదే సంఘం నడవదు కనుక అతడిని పదవి నుంచి తప్పించారు. ఆ హెచ్చరికకు ఆధారమైన చట్టం చెల్లదని ప్రకటించమంటూ అతడు వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1960 జూన్ 6న ఓటమితో ముగిసింది.

అతడిని తొలగించిన చట్టం ఎందుకు పుట్టిందో తెలియకుండా ఆ తీర్పును తూచడం న్యాయం కాదు. ఆ కాలపు న్యూయార్క్ రేవులో కూలీలను పనిలోకి తీసుకునే పద్ధతిని ‘షేప్ అప్’ అనేవారు: ఓడ వచ్చిన పూట కార్మికులు రేవు గేటు ముందు అర్ధచంద్రాకారంగా గుమిగూడి నిలబడితే, మేస్త్రీ వారిలో తనకు నచ్చినవారిని వేలుపెట్టి చూపి లోపలికి పంపేవాడు, తక్కినవారు ఆ పూట కూలి లేకుండా ఇంటిదారి పట్టేవారు. పనికి మించి జనం ఉన్నచోట వేలు చూపే అధికారమే పెట్టుబడి అయింది. కూలిలో కొంత తిరిగి ముట్టజెప్పడానికి సిద్ధపడినవాడు చెవి వెనుక పుల్ల పెట్టుకుని ఆ సంగతి మేస్త్రీకి సైగ చేయడం వంటి ఆచారాలు పుట్టాయి. వడ్డీ వ్యాపారం, జూదం, సరుకు దొంగతనం, లారీలకు సరుకు ఎత్తే పేరుతో అవసరం ఉన్నా లేకపోయినా వసూలు చేసే రుసుము, వీటన్నిటికీ మేస్త్రీల చుట్టూ, మేస్త్రీలను నియమింపజేసే సంఘ నాయకుల చుట్టూ ఒక ముఠా వ్యవస్థ అల్లుకుంది. విశాఖపట్నం రేవు కళాసీల కుటుంబాలకు ఈ వర్ణన కొంతవరకు పరిచితంగానే తోచవచ్చు. ఏ పూటకు ఆ పూట మనిషిని ఎంచుకునే కూలి పద్ధతి ఎక్కడున్నా ఎంచేవాడి చేతికి లొంగుబాటును తెచ్చిపెడుతుందనే, భారతదేశంలో 1948 నాటి డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది.

బ్రూక్లిన్ రేవులో ఈ వ్యవస్థను ఎదిరించి సాటి కార్మికులను కూడగట్టిన పీటర్ పాంటో 1939లో మాయమయ్యాడు. అతడి శవం 1941లో న్యూజెర్సీలో సున్నపు గుంటలో దొరికింది. తన రేవు మీద ముఠా పెత్తనాన్ని ఒప్పుకోని మేస్త్రీ ఆంథనీ హింట్జ్‌ను 1947 జనవరిలో కాల్చారు. ఆ హత్యకు ముఠా నాయకుడు జాన్ డన్‌ను 1949లో మరణశిక్షకు గురిచేశారు. మాల్కం జాన్సన్ 1948లో ‘న్యూయార్క్ సన్’ పత్రికలో రాసిన వరుస వ్యాసాలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమానం వచ్చింది. జెస్యూట్ సంఘానికి చెందిన ఫాదర్ జాన్ కారిడన్ కార్మికుల పక్షాన నిలబడి, కూలీని పశువును ఎంచినట్టు ఎంచడం మానవుడిలోని దైవాంశను అవమానించడమేనని బోధించాడు. 1954లో వచ్చిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ చలనచిత్రంలోని ఫాదర్ బారీ పాత్రకు మూలం ఆయనే. రాష్ట్ర నేర విచారణ సంఘం 1952, 1953 సంవత్సరాల్లో బహిరంగ విచారణలు జరిపి, రేవు కార్మిక శాఖల అధికారుల్లో కనీసం 30 శాతం మందికి పోలీసు రికార్డులు ఉన్నాయని నివేదించింది. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు కలిసి చేసుకున్న ఒప్పందానికి అమెరికా కాంగ్రెస్ 1953 ఆగస్టులో ఆమోదం తెలపగా, రేవు కమిషన్ ఏర్పడి ‘షేప్ అప్’ పద్ధతి రద్దయింది. ఆ ఒప్పందానికి తోడుగా న్యూయార్క్ చేసిన చట్టంలోని ఎనిమిదో విభాగమే, ఘోరాపరాధం రుజువైన వ్యక్తి అధికారిగా ఉన్న రేవు సంఘానికి చందాలు వసూలు చేయకూడదని నిషేధించింది. గవర్నరు క్షమాభిక్ష గానీ, పెరోల్ మండలి ఇచ్చే సత్ప్రవర్తన పత్రం గానీ పొందినవారికి మాత్రం మినహాయింపు ఉంది.

సుప్రీంకోర్టులో ప్రధాన అభిప్రాయం రాసిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ముందు డి వో పెట్టిన వాదనల్లో రెండు ఈ చర్చకు ముఖ్యం. ఈ చట్టం ‘బిల్ ఆఫ్ అటైండర్’ అన్నది మొదటిది. అంటే విచారణ జరపవలసిన న్యాయస్థానాన్ని పక్కనపెట్టి శాసనసభే కొందరిని దోషులుగా గుర్తించి దండించే చట్టమన్నమాట, దీనిని అమెరికా రాజ్యాంగం నిషేధిస్తుంది. ఎప్పుడో జరిగిన పనికి ఇప్పుడు కొత్తగా శిక్ష కల్పించే చట్టమన్నది రెండోది. ఫ్రాంక్‌ఫర్టర్ రెండింటినీ ఒకే కొలబద్దతో తోసిపుచ్చాడు: శాసనకర్తల ఉద్దేశం గతాన్ని దండించడమా, లేక వర్తమానంలోని ఒక పరిస్థితిని చక్కదిద్దే క్రమంలో గతం ప్రస్తావనకు రావడమా అని చూడాలనీ, రేవులో ఉన్న కుళ్లు కళ్లెదుట ఉండగా ఇది రెండో కోవకే చెందుతుందనీ ఆయన తేల్చాడు. గర్భస్రావ నేరానికి పూర్వం శిక్ష అనుభవించిన హాకర్ అనే వైద్యుడిని వృత్తికి దూరం చేసిన చట్టాన్ని 1898లో ఇదే కోర్టు ఇదే రకమైన తర్కంతో సమర్థించి ఉంది. ఎనిమిది మంది న్యాయమూర్తులు పాల్గొనగా ఐదుగురు డి వోకు వ్యతిరేకంగా నిలిచారు. విలియం డగ్లస్ రాసిన అసమ్మతి తీర్పులో ప్రధాన న్యాయమూర్తి వారెన్, బ్లాక్ చేరారు. తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే హక్కును సమాఖ్య చట్టం కార్మికులకు ఇచ్చిందనీ, రాష్ట్రం దానిలో చేయిపెట్టడానికి వీలులేదనీ అసమ్మతి తెలిపినవారి వాదన.

ఫ్రాంక్‌ఫర్టర్ గీసిన గీత కొత్తది కాదు. పదకొండో శతాబ్దం చివరా పన్నెండో శతాబ్దం తొలినాళ్లలోనూ కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో యాజ్ఞవల్క్య స్మృతికి ‘మితాక్షర’ వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు, ప్రాయశ్చిత్తం దేనిని తొలగిస్తుందో వివరించే సందర్భంలో పాపానికి రెండు శక్తులుంటాయని చెప్పాడు. ఒకటి నరకోత్పాదిక శక్తి, అనగా చేసినవాడిని పరలోకంలో దుర్గతికి ఈడ్చేది. రెండోది వ్యవహారనిరోధిక శక్తి, అనగా తోటివారితో కలిసి తినడం, ఇచ్చిపుచ్చుకోవడం, సంబంధాలు కలుపుకోవడం వంటి లోకవ్యవహారాలను అడ్డగించేది. ఈ రెండూ ఒకే పాపం నుంచి పుట్టినప్పటికీ ఒకటి తొలగినంత మాత్రాన రెండోది తొలగాలన్న నియమం లేదు. బుద్ధిపూర్వకంగా చేసిన పాపం విషయంలో ఏది పోతుంది, ఏది నిలుస్తుంది అన్నదానిపై వ్యాఖ్యాతలు భిన్నంగా తలచినా, అవి రెండు వేరువేరు శక్తులన్న విభజన మాత్రం నిలిచింది. తిక్కన సోమయాజికి అంకితంగా దశకుమారచరిత్రను రాసిన మూలఘటిక కేతన ఈ మితాక్షర ధర్మశాస్త్రాన్నే పదమూడో శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయము’ పేరిట తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కనుక, ఆ ఆలోచనాసరళి తెలుగు నేలకు పరాయిది కాదు.

మనుస్మృతిలో ఈ రెండు వైపులూ పక్కపక్కనే కనిపిస్తాయి. రాజు చేత దండన పొందిన పాపులు నిర్మలులై పుణ్యాత్ముల వలెనే స్వర్గానికి పోతారని ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. వాలిని కొట్టిన తరువాత రాముడు తన చర్యను సమర్థించుకునేటప్పుడు రామాయణంలో ఆధారంగా చూపినది ఈ భావాన్నే. ప్రాయశ్చిత్తం చేసుకున్నవారిని ఎన్నడూ ఏవగించుకోరాదని పదకొండో అధ్యాయం శాసిస్తుంది. అయితే ఆ వెంటనే వచ్చే శ్లోకం పసిపిల్లలను చంపినవారితోనూ, కృతఘ్నులతోనూ, శరణన్నవారిని చంపినవారితోనూ, స్త్రీలను చంపినవారితోనూ, వారు శాస్త్రోక్తంగా శుద్ధులైనా సరే, కలిసి ఉండరాదంటుంది. ఈ నాలుగు నేరాల్లోనూ ఒక సామ్యం ఉంది: ప్రతి ఒక్కదానిలోనూ నమ్మి చేతికి చిక్కిన ప్రాణి, లేదా మేలు చేసిన మనిషి బలి అవుతాడు. వాటిని చేసినవాడికి ఉత్తమగతి దక్కదని స్మృతి అనడం లేదు. మళ్లీ అతడి చేతికి అటువంటి ప్రాణిని అప్పగించవద్దని మాత్రమే దాని సారంగా గ్రహించవచ్చు. ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేరువేరు దండనలు విధించిన స్మృతుల న్యాయం ఈనాడు ఆమోదయోగ్యం కాదు. అయినా ఆ అసమానతను పక్కనపెట్టి చూసినప్పుడు, ఆత్మశుద్ధినీ విశ్వాసార్హతనూ విడదీసిన చూపు మాత్రం విలువైనది.

బౌద్ధ సంప్రదాయంలో ఈ విభజన మరింత పదునుగా కనిపిస్తుంది. మనుషులను చంపి వేళ్లను మాలగా ధరించిన అంగులిమాలుడు బుద్ధుడి మాటతో మారి భిక్షువై, చివరికి అర్హతుడయ్యాడని, అనగా క్లేశాలన్నీ నశించిన పూర్ణ విముక్తుడయ్యాడని మజ్ఝిమనికాయ చెబుతుంది. శ్రావస్తిలో భిక్షకు వెళ్లినప్పుడు జనం విసిరిన మట్టిగడ్డలకూ కర్రలకూ తల పగిలి, భిక్షాపాత్ర చిట్లి, నెత్తురోడుతూ అతడు తిరిగి వస్తే, ఓర్చుకోమనీ, నరకంలో చిరకాలం పండవలసిన కర్మఫలం ఇక్కడే అనుభవానికి వస్తున్నదనీ బుద్ధుడు చెప్పాడు. అంగులిమాలుడి ప్రస్తావనను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ వినయపిటకంలో, అనగా భిక్షుసంఘ నియమావళిలో, దీని కొనసాగింపు ఉంది: అతడిని చూసి జనం భయపడి ముఖాలు తిప్పుకుని పరుగులు తీస్తున్నారన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, పేరుమోసిన దొంగకు ఇకముందు సంఘంలో దీక్ష ఇవ్వరాదని బుద్ధుడే నియమం పెట్టాడు. దాని వెంటనే చెర నుంచి పారిపోయినవారి గురించీ, కొరడా దెబ్బల శిక్ష పూర్తిగా అనుభవించినవారి గురించీ, వాత పెట్టబడినవారి గురించీ అటువంటి నియమాలే వచ్చాయి.

ఒకే గురువు ఒక హంతకుడికి నిర్వాణమార్గాన్ని తెరిచి, అటువంటివారికి సంస్థ తలుపును మూశాడన్న ఈ విషయం తొలిచూపులో వైరుద్ధ్యంగా కనిపించినా, దానిలో ఒక నిజాయితీ ఉంది. సంఘం ఊరి జనం పెట్టే భిక్ష మీద బతుకుతుంది. భిక్ష పెట్టే చేయి వణికితే సంఘమే నిలవదు. కనుక నియమం కాపాడుతున్నది జనానికి సంఘం మీద ఉన్న నమ్మకాన్నే గాని, తోసిపుచ్చబడిన మనిషి విలువ మీద అది తీర్పు చెప్పడం లేదు. శిక్ష అనుభవించినవాడి అర్హతను నిరాకరిస్తూనే, అతడి అంతరంగం గురించి ఏమీ అనకుండా ఉండగలగడం సులభమైన పని కాదు, న్యూయార్క్ శాసనసభకు అది చేతకాలేదు. నేరస్థుల పెత్తనం నుంచి రేవును విడిపించడం ఆ చట్టం లక్ష్యం అయినప్పుడు, 1920లో యత్నం దశలోనే ఆగిన ఒక దొంగతనపు కేసునూ, 1947లో మేస్త్రీని కాల్చిన ముఠానూ ఒకే గాట కట్టవలసిన అవసరం లేదు.

ఇక్కడ వ్యక్తి ఏకత్వం గురించిన తాత్విక ప్రశ్న అడ్డు వస్తుంది. 1956 నాటి కోశాధికారి 1920 నాటి మనిషేనా? నాగసేన భిక్షువుకూ గ్రీకు రాజు మిళిందుడికీ జరిగిన సంవాదమైన ‘మిళిందపఞ్హ’లో ఇటువంటి ప్రశ్నకు మామిడిపండ్ల దొంగ ఉదాహరణతో జవాబుంది: ఒకడు తోటలో పండ్లు దొంగిలించి పట్టుబడి, తోటవాడు నాటిన టెంకలు వేరు, తాను కోసిన పండ్లు వేరు కనుక తాను దొంగను కానని వాదిస్తే రాజు ఒప్పుకుంటాడా అని నాగసేనుడు అడుగుతాడు, ఈ పండ్లు ఆ టెంకల నుంచే వచ్చాయి కనుక ఒప్పుకోనని రాజు అంటాడు. మనిషిలో మార్పులేని ఆత్మ ఏదీ లేదన్నా, కారణ కార్యాల వరుస తెగదు కనుక బాధ్యత తప్పదన్నది దీని ఆంతర్యం. ఈ జవాబు బాధ్యత విషయంలో గట్టిది. కానీ విశ్వాసార్హత విషయంలో ఇదే తర్కం డి వో పక్షానికి కూడా పనిచేస్తుంది: వరుస తెగనప్పుడు, 1920 నాటి క్షణంతో పాటు ఆ తరువాతి 36 ఏళ్లూ ఆ వరుసలోవే. మొదటి లంకెను పట్టుకుని నడుమనున్న లంకెలన్నిటినీ వదిలేసే చట్టం, మనిషి మారడనీ కాదు, మారాడో లేదో చూడనవసరం లేదనీ చెబుతున్నది. శిక్ష విధించిన న్యాయమూర్తి సైతం జైలు అవసరం లేదని తలచిన నేరానికి, మూడున్నర దశాబ్దాల నడవడిని చూడకుండా వేసిన నిషేధాన్ని ముందుజాగ్రత్త అనడం కష్టం.

ఈ వాదనకు ఎదురుగా నిలిచే సత్యం బలమైనదే. రేవులో దయాగుణం ముఠాల ముసుగుగా కూడా పనిచేసింది. జైలు నుంచి వచ్చినవాడికి మరో అవకాశం ఇవ్వడం తప్పా అన్న మాటను సంఘం పెద్దలు తమ చుట్టూ చేరిన కిరాయి మనుషులకు రక్షణగా వాడుకున్నారు. సంఘ సభ్యుడైన కార్మికుడు తన కష్టాన్ని దోచినవాడిని క్షమించడం వేరు, దోచినవాడి యజమాని ఆ కార్మికుడి పేరిట క్షమాపణ ప్రకటించడం వేరు. క్షమించే హక్కు గాయపడినవాడిది. ఆ హక్కును పైవాడు లాక్కున్నప్పుడు అది క్షమ కాదు, మరో దోపిడీ. కార్మికులే ఎన్నుకున్నారు కదా అన్న డగ్లస్ వాదన కూడా ఇక్కడే నీరసపడుతుంది, ఎందుకంటే పాంటో గతి కళ్లారా చూసిన మనుషులు చేతులెత్తి వేసిన ఓటును స్వేచ్ఛగా ఉంచిన నమ్మకానికి సాక్ష్యంగా తీసుకోవడం కుదరదు. చట్టం వ్యక్తిగతంగా విచారించి ఒక్కొక్కరిని తొలగించే దారి పట్టి ఉంటే, సాక్ష్యం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదన్న మాటలోనూ నిజముంది. రికార్డు మాత్రమే భయపడదు, దానిని ఎవరూ బెదిరించలేరు. అందుకే శాసనకర్తలు దానిని ఆశ్రయించారు.

అయినా రికార్డును ఆశ్రయించే చట్టం తన హద్దు తెలియకపోతే ఎక్కడిదాకా పోతుందో తెలుసుకోవడానికి తెలుగువారికి స్టువర్టుపురం చాలు. క్రిమినల్ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను పోగుచేసి, 20వ శతాబ్దపు రెండో దశకంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో గుంటూరు ప్రాంతంలో ఏర్పరచిన ఆ నివాసంలో, మనిషి నేరచరిత్ర అతడు పుట్టకముందే రాసి ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూసే చూపు తరాల పాటు పోలేదు. వ్యవహారనిరోధిక శక్తి చేసినవాడిని దాటి సంతానం మీద పడినప్పుడు, ముందుజాగ్రత్త అన్న మాటకు అర్థమే మిగలదు. డి వో విషయం ఇంత ఘోరమైనది కాదు. అతడు నిజంగానే నేరం ఒప్పుకున్నవాడు. కాని నడవడి కాక నమోదు మాత్రమే మాట్లాడే చోట ఈ రెండూ ఒకే వాలు మీద ఉన్నాయి.

రేవు కార్మికుల్లో ఐరిష్, ఇటాలియన్ మూలాల కాథలిక్కులు ఎక్కువగా ఉన్నందున, వారి మతశాసనం ఈ విషయంలో ఏమంటుందో గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు. పాపసంకీర్తనం చేసి గురువు చేత విముక్తి పొందినవాడికి ఆ పాపపు దోషం తొలగిపోతుందని కాథలిక్ సంఘం బోధిస్తుంది. అయినా ఉద్దేశపూర్వకంగా నరహత్య చేసినవాడు గురుపట్టాభిషేకానికి అనర్హుడని అదే సంఘం మతశాసనం చెబుతుంది. బుద్ధుడి వినయానికీ ఈ శాసనానికీ ఉన్న పోలిక ఆశ్చర్యకరం. అంతకన్నా ముఖ్యమైన విషయం, కాథలిక్ శాసనంలో ఈ అనర్హతను పై అధికారి పరిశీలించి సడలించే మార్గం ఉండడం. న్యూయార్క్ చట్టంలోని సత్ప్రవర్తన పత్రం అటువంటిదే. ఆ తలుపు ఉన్నది కనుక చట్టం కఠినమైనది కాదని సమర్థించవచ్చు. కాని ఆ తలుపు తాళం పెరోల్ మండలి దగ్గరా, గవర్నరు దగ్గరా ఉన్నది గాని, ఎవరి చందా డబ్బును ఆ మనిషి కాపాడబోతున్నాడో ఆ కార్మికులకు అక్కడ చోటు లేదు. మనువు ప్రాయశ్చిత్తానికి అంగాలుగా చెప్పిన వాటిలో పదిమంది ఎదుట తన పాపాన్ని తానే చెప్పుకోవడం, పశ్చాత్తాపపడడం మొదటివి. అది కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవడంతో సమానం కాదు.

డి వో తీర్పు వచ్చేనాటికే అమెరికా కాంగ్రెస్ వేరే కొలత తీసుకుంది. 1959 నాటి కార్మిక సంఘాల చట్టంలోని 504వ విభాగం దోపిడీ, లంచం, పెద్ద మొత్తపు దొంగతనం, హత్య వంటి నేరాలు రుజువైనవారిని సంఘ పదవులకు అయిదేళ్ల పాటు దూరం పెట్టింది. ఆ లెక్కన 1920 నాటి నేరానికి ఎప్పుడో కాలదోషం పట్టినట్టే, కాని రాష్ట్రాల కఠినతర చట్టాలను కాంగ్రెస్ కొట్టివేయలేదు. అదే విభాగం కమ్యూనిస్టు పార్టీ సభ్యులను కూడా నిషేధించగా, శాన్ ఫ్రాన్సిస్కో రేవు కార్మికుడూ సంఘ నాయకుడూ అయిన ఆర్చీ బ్రౌన్ విషయంలో 1965లో సుప్రీంకోర్టు అయిదుగురి మెజారిటీతో ఆ భాగాన్ని ‘బిల్ ఆఫ్ అటైండర్’ అని కొట్టివేసింది. రెండు తీర్పులనూ కలిపి చదివితే, ఒక వర్గానికి చెందినందుకు మనిషిని దండించరాదనీ, అతడు చేసిన పనిని మాత్రం ఎంతకాలమైనా గుర్తుపెట్టుకోవచ్చుననీ అర్థం వస్తుంది. మొదటి సగం గొప్పది. రెండో సగంలో కాలానికి హద్దు లేకపోవడమే లోపం. 1984లో కాంగ్రెస్ అయిదేళ్ల నిషేధాన్ని పదమూడేళ్లకు పెంచుతూ, పరిస్థితిని బట్టి దానిని తగ్గించే వీలు కూడా ఉంచింది.

భారతదేశంలో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 1964లో చేర్చిన 21ఎ విభాగం, నైతికంగా హేయమైన నేరానికి జైలుశిక్ష పడినవాడు విడుదలైన నాటి నుంచి అయిదేళ్లు గడిచేవరకు సంఘ కార్యవర్గంలో ఉండరాదని చెప్పింది. జైలు గడప తొక్కని డి వో వంటివాడు ఈ నిబంధన కిందికి వచ్చే అవకాశమే తక్కువ. న్యూయార్క్ విధానానికీ దీనికీ తేడా సంవత్సరాల లెక్కలో మాత్రమే లేదు. అక్కడ మనిషి ఎవరినో అర్థించి అర్హత తెచ్చుకోవాలి; ఇక్కడ గడువు తీరగానే అర్హత దానంతటదే అతడి దగ్గరకు వస్తుంది, అడ్డు చెప్పదలచినవారే కారణం చూపాలి. మొదటిది అనుగ్రహం, రెండోది తీరిన బాకీ. మామూలు నేరాల విషయంలో రెండో పద్ధతే న్యాయం, ఎందుకంటే శిక్ష అనుభవించినవాడు జీవితాంతం దయకోసం నిలబడవలసి వస్తే శిక్షకు ముగింపు ఉన్నట్టు కాదు. కాని చేసిన నేరం సంఘం మీదే అయినప్పుడు, అనగా సభ్యుల చందా తినడమో, పని ఇప్పిస్తానని కూలీ నుంచి వసూలు చేయడమో, ఎదురుతిరిగినవాడిని కొట్టించడమో అయినప్పుడు, గడువు తీరడం మాత్రమే చాలదు. అటువంటి మనిషి మళ్లీ పదవి కోరినప్పుడు, ఏ కార్మికులను అతడు దోచాడో వారి ఎదుట తాను చేసినదాన్ని తన నోటితో చెప్పి, రహస్య ఓటు ద్వారా వారు ఇచ్చే తీర్పుకు తలవంచాలి. ఆ ఓటు భయం లేకుండా పడేలా చూడడం రాజ్యం బాధ్యత.